తొంభై ఒక్క పరిప్పు వడలు: కళక్కూట్టంలో ఒక చాయక్కడ గురించి

ఈ చాయక్కడ, అంటే టీ కొట్టు, పేరు రాయను. రాస్తానంటే ఓనర్ చేట్టన్ (మలయాళంలో అన్న) ఒప్పుకోలేదు. “ఉన్నవాళ్లకే పుట్టు చాలట్లేదు, నువ్వు ఇంకా జనాన్ని తోలుకొస్తావా మోనే (అబ్బాయ్)” అన్నాడు. ఆయన మాటా నిజమే. పొద్దున ఎనిమిదిన్నర దాటి వెళ్తే పుట్టు ఉండదు, పొరోట్టాతో సరిపెట్టుకోవాలి. అందుకని గుర్తులు మాత్రం చెప్తాను, కావాల్సినవాళ్లు వెతుక్కోండి. తిరువనంతపురంలో టెక్నోపార్క్ నుంచి కళక్కూట్టం రైల్వే స్టేషన్ వైపు వస్తుంటే ఒక నీలం రేకుల షెడ్డు కనిపిస్తుంది. ముందు రెండు ఆటోలు, ఒక కాలు పొట్టి బెంచీ, ఆ బెంచీ మీద ఎవరో ఒకరు పేపరు చదువుతూ ఉంటారు. అదే.

నాది గన్నవరం దగ్గర పల్లెటూరు. టెస్టింగ్‌లో ఉద్యోగం, ఇక్కడికొచ్చి మూడేళ్లు. మొదటి ఆరు నెలలు కంపెనీ క్యాంటీన్లో లావు బియ్యం అన్నం తినలేక, పెరుగు ప్యాకెట్లు, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయతో నెట్టుకొచ్చాను. ఈ షాపు దొరికాక పచ్చడి సీసా సంగతే మర్చిపోయాను. కాబట్టి ఈ రివ్యూలో కొంచెం పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

ముందు బోర్డు గురించి. గల్లా పెట్టె వెనక గోడ మీద మలయాళంలో ఒక చెక్క బోర్డు ఉంటుంది. అక్షరాలు నేర్చుకున్న కొత్తలో కూడబలుక్కుని చదివాను: “ఇవిడె రాష్ట్రీయం సంసారిక్కరుత్.” ఇక్కడ రాజకీయ సంసారం చేయకూడదని అర్థం చేసుకుని, ఇదేం ఖర్మరా బాబూ, రాజకీయ నాయకుల కాపురాలతో టీ కొట్టుకి ఏం పని అనుకున్నా. తర్వాత తెలిసింది, మలయాళంలో సంసారం అంటే మాట్లాడటం. ఇక్కడ రాజకీయాలు మాట్లాడొద్దు అని. పాత చాయక్కడల్లో ఇలాంటి బోర్డులు మామూలేనట. కొట్టుకుంటే గ్లాసులు పగిలేవి కదా. ఈ షాపులో మాత్రం సరిగ్గా ఆ బోర్డు కిందే పొద్దున ఆరింటి నుంచి రాజకీయం తప్ప ఇంకో మాట ఉండదు. అడిగితే, “మేం సంసారిక్కట్లేదు, తగువాడుతున్నాం” అంటాడు చేట్టన్.

ఇక తిండి.

పుట్టు, కడల కూర ఇక్కడి అసలు సరుకు. పుట్టు అంటే తడి బియ్యప్పిండి, కొబ్బరి కోరు పొరలు పొరలుగా గొట్టంలో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఒక గొట్టం అంటే ఒక కుట్టి. కడల అంటే నల్ల శనగలు. వేయించిన కొబ్బరి, ధనియాలు నూరి వేస్తారు, కూర దాదాపు నలుపు రంగులో ఉంటుంది. చేచ్చి, అంటే చేట్టన్ భార్య, అందులో పచ్చి కొబ్బరి ముక్కలు సన్నగా తరిగి వేస్తుంది, పంటి కింద కరుక్కుమంటాయి. వేడి పుట్టు చేత్తో చిదిపి దాని మీద ఈ కూర పోసుకుని, పైన ఒక అప్పడం నలుపుకుని తింటే మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి గుర్తు రాదు. 2016లో నలభై రూపాయలు. మనవాళ్లు ఎవరినన్నా తీసుకెళ్తే మొదటిసారి గొంతు పట్టిందంటారు. తప్పు పుట్టుది కాదు, కూర తక్కువ పోసుకున్నారు.

తాగే నీళ్లు గోరువెచ్చగా, గులాబీ రంగులో ఇస్తారు. పదిముగం అనే చెక్క పేళ్లు వేసి మరిగిస్తారు. మా ఫ్రెండ్ ఒకడు మొదటిసారి చూసి, “కమ్యూనిస్టు పార్టీ వాళ్ల షాపు కదా, నీళ్లు కూడా ఎర్రగానే పోస్తార్రా” అన్నాడు.

టీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇక్కడ గ్యాస్ పొయ్యి మీద గిన్నె పెట్టి టీ కాచే పద్ధతి లేదు. నీళ్లు మరిగించే రాగి పాత్ర, సమోవర్ ఉంది, పొట్ట దగ్గర సొట్ట పడింది. దాని అడుగున ఒక పాత నాణెం పడి ఉంటుంది. నీళ్లు మరిగితే ఆ నాణెం లోపల టకటకలాడుతుంది. ఆ చప్పుడు వింటూ చేట్టన్ పేపరు చదువుతుంటాడు, తల ఎత్తక్కర్లేదు. చప్పుడు మందగించిందంటే బొగ్గులు వేస్తాడు. తర్వాత టీ పొడి ఉన్న గుడ్డ సంచిలోంచి ఒక్క ధార నీళ్లు, దాని మీద పాలు, ఒక చెయ్యి నెత్తి మీదికి, ఇంకో చెయ్యి నడుం కిందికి. గాల్లో గజం పొడుగు టీ. మూడేళ్లలో ఒక్క చుక్క కింద పడటం నేను చూడలేదు, ఒక్క మే 19న తప్ప. ఆ సంగతికి వస్తాను. 2016లో ఎనిమిది రూపాయలు, చక్కెర ముందే ఎక్కువ. తగ్గించమంటే తగ్గిస్తాడు కానీ మొహం మాడ్చుకుంటాడు.

పరిప్పు వడ మన మసాలా వడకి వేలువిడిచిన చుట్టం. పలచగా, అంచులు బిరుసుగా, లోపల పప్పు పలుకు తగులుతూ ఉంటుంది. పాలు లేని టీని కట్టన్ చాయ అంటారు. కట్టన్ చాయ, పరిప్పు వడ ఈ రెండూ కలిపి చెప్తే ఇక్కడ ఎవరికైనా పాతకాలం కమ్యూనిస్టు కార్యకర్త గుర్తొస్తాడు. జేబులో డబ్బుల్లేక అవే తిని రాత్రంతా మీటింగులు పెట్టుకునేవాళ్లట. చేట్టన్ వాళ్ల నాన్న అలాంటివాడే. ఆయన ఫోటో, కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె.గోపాలన్ ఫోటో ఒకే సైజులో పక్కపక్కన ఉంటాయి. రెండింటికీ ఒకే దండ, ఈ మేకు నుంచి ఆ మేకు దాకా.

ఇప్పుడు లోపాలు. చేతులు కడుక్కునే చోట కుళాయి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, కింద నాచు, జారితే నడుం విరుగుతుంది. గాజు గ్లాసులకి ఒక్కోసారి గుడ్డు నీచు వాసన. చిల్లర ఉండదు, రెండు రూపాయలకి నిమ్మ చాక్లెట్ ఇస్తాడు. కార్డు సంగతి అడక్కండి. పద్దు పుస్తకం మీద నాకు పెద్ద కంప్లైంటే ఉంది. వీళ్లు పట్టు పుస్తకం అంటారు. మార్చి నెల లెక్కలో నేను తినని ముట్ట రోస్టులు (కోడిగుడ్డు కూర) నాలుగు నా పేరున రాశాడు. గట్టిగా అడిగితే, “అది ఇంకో ఆంధ్రా కుర్రాడివి, నీకు తెలిసినవాడేగా, ఇచ్చేయ్” అన్నాడు. ఆంధ్రా వాళ్లందరిదీ ఒకే ఖాతా అనుకున్నాడేమో. డబ్బులిచ్చాను. ఆ కుర్రాడెవరో ఇప్పటికీ తెలియదు.

ఇన్ని చెప్పాక కూడా ఈ రివ్యూ ఎందుకు రాస్తున్నానంటే, 2016 ఎన్నికల కోసం. కేరళ అసెంబ్లీ ఎన్నికలు, మే 16 పోలింగ్, 19న లెక్కింపు. మన దగ్గర ఎన్నికలంటే మైకులు, డబ్బులు, బిర్యానీ పొట్లాలు. ఇక్కడ అవి లేవని అనను, కానీ నాకు కనిపించిన ఎన్నికలు ఈ బెంచీ మీదే జరిగాయి.

షాపులో పర్మినెంటు సభ్యులు నలుగురు. గల్లా పెట్టె దగ్గర చేట్టన్, మార్క్సిస్టు పార్టీ. కిటికీ పక్కన మాష్, అంటే రిటైరైన స్కూలు మాస్టారు. ఖద్దరు చొక్కా, కాంగ్రెస్, అంటే ఐక్య ప్రజాస్వామ్య కూటమి తరఫు. బయట ఆటో అణ్ణన్, కమలం పువ్వు. తిరువనంతపురం వైపు వాళ్లు పెద్దవాళ్లని అణ్ణా అని కూడా పిలుస్తారు, మన చెవికి అది ఇంట్లో మాటలాగే ఉంటుంది. నాలుగోవాడు పొరోట్టా కొట్టే కుర్రాడు, బెంగాల్లో ముర్షిదాబాద్ నుంచి వచ్చాడు. వాణ్ణి అందరూ భాయి అంటారు. నాకూ వాడికీ హిందీలో నడుస్తుంది.

ఫిబ్రవరి నుంచే గోడలు బుక్ అయిపోయాయి. ఖాళీ గోడ కనిపిస్తే ముందు పార్టీ పేరు, పక్కన 2016, బుక్డ్ అని రాసేస్తారు. అభ్యర్థి పేరు తర్వాత. షాపు పక్క ప్రహరీ గోడ వామపక్ష కూటమి వాళ్లది. దాని మీద ఎర్ర అక్షరాల్లో వాళ్ల నినాదం: ఎల్.డి.ఎఫ్. వరుం, ఎల్లాం శరియాకుం. ఎల్.డి.ఎఫ్. వస్తుంది, అంతా సర్దుకుంటుంది అని. పోలింగ్ నాటికి ఆ మాట చేట్టన్‌కి ఊతపదం అయిపోయింది. టీ లేటయిందంటే “ఎల్లాం శరియాకుం”. కుళాయి కారుతోందంటే “ఎల్లాం శరియాకుం”. తర్వాత గెలిచారు, కుళాయి మాత్రం కారుతూనే ఉంది.

మాష్ నాకు లెక్క చెప్పేవాడు. 1982 నుంచి అప్పటిదాకా ఇక్కడ ఒకసారి వీళ్లు, ఒకసారి వాళ్లు, వరసగా రెండోసారి ఎవరికీ ఇవ్వలేదు. “ఇది ఎడమవాళ్ల వంతు, అంతకన్నా ఏం లేదు” అని తేల్చేసేవాడు. కాంగ్రెస్ ప్రభుత్వం మీద వచ్చిన సోలార్ కుంభకోణం, బార్ లంచాల గొడవ గురించి చేట్టన్ ఎత్తితే మాత్రం పేపరు అడ్డం పెట్టుకునేవాడు. చేట్టన్ అసలు బాధ 2011 నాటిది. అప్పుడు అవతలి కూటమికి 72 సీట్లు, వీళ్లకి 68, అధికారం పోయింది. ఆ 68 ఆయన గొంతులో ఐదేళ్లుగా ముల్లులా ఉంది. పందెం అక్కడే పుట్టింది. వామపక్ష కూటమికి ఎన్ని సీట్లు వస్తే అన్ని పరిప్పు వడలు తన ఖర్చుతో పంచుతానన్నాడు. “దేవుడి దయ వల్ల ఎక్కువ ఖర్చు కాదులే” అన్నాడు మాష్. “నీ దేవుడు కూడా ఈసారి మాకే వేస్తాడు” అన్నాడు చేట్టన్.

ఇక్కడ మా తాతయ్య గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆయనకి అప్పటికి ఎనభై మూడు. 1955 ఫిబ్రవరిలో, ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయాక ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు వచ్చినప్పుడు ఆయనకి ఇరవై రెండు. సైకిల్ మీద ఊరూరా తిరిగి కమ్యూనిస్టులకి ప్రచారం చేశాడు. వాళ్లదే రాజ్యం అని వాళ్లూ అనుకున్నారు, ఎదుటివాళ్లూ భయపడ్డారు. 196 సీట్లలో వచ్చినవి 15. ఓట్లు మాత్రం 31 శాతం. గన్నవరంలో సుందరయ్య గారు గెలిచారు కాబట్టి మా వాళ్లకి సంబరం చేసుకోవాలో ఏడవాలో తెలియలేదంటాడు తాతయ్య. డప్పులు కూడా మాట్లాడి పెట్టుకున్నారట. డప్పులవాళ్లకి డబ్బులిచ్చి, వాయించకుండానే పంపేశారు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా బోలెడు ఆశపడి చివరికి ఉసూరుమంటే “పదిహేనొచ్చాయి” అంటాం. నాకు ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు కూడా తాతయ్య అదే అన్నాడు.

రెండేళ్ల తర్వాత, 1957 ఏప్రిల్‌లో కేరళలో కమ్యూనిస్టు నేత ఇ.ఎం.ఎస్. ముఖ్యమంత్రి అయ్యాడని విశాలాంధ్రలో చదివి, ఊళ్లో ఏడుగురు కూర్చుని బెల్లం ముక్కలు తిన్నారట. ఆ ప్రభుత్వాన్ని 1959 జులైలో కేంద్రం తీసేసింది. తాతయ్య కేరళకి ఎప్పుడూ రాలేదు. నాకిక్కడ ఉద్యోగం వచ్చిందన్నప్పుడు మాత్రం జీతం ఎంత అని అడక్కుండా, “అక్కడ టీ కొట్లలో పేపర్లు చదువుతార్రా?” అని అడిగాడు.

మే 19, గురువారం. నాకు మధ్యాహ్నం షిఫ్టు. ఏడున్నరకే వెళ్లాను. ఫుల్ జనం. చిన్న టీవీని ఫ్రిజ్ మీంచి దించి సమోవర్ పక్కన స్టూలు మీద పెట్టారు. ఆవిరికి తెర మీద మంచు పట్టినట్టయి, ఎవరో ఒకరు లుంగీ అంచుతో తుడుస్తున్నారు. ఎనిమిదింటికి లెక్కింపు మొదలైంది. ఆ రోజు తిండి గురించి నిజాయితీగా చెప్పాలంటే, దారుణం. పుట్టు సగం ఉడికింది, నడుమ పొడి పిండి. చేచ్చి చేతిలో గొట్టం అలాగే ఉంది, కళ్లు టీవీ మీద. కడల కూరలో ఉప్పు లేదు. చేట్టన్ గజం పొడుగు టీ పోస్తుండగా నేమంలో కమలం ముందంజ అని తెర మీద పడింది. బయట ఆటో అణ్ణన్ కేక పెట్టాడు, టీ ధార గ్లాసు తప్పి మాష్ పేపరు మీద పడింది. మూడేళ్లలో మొదటిసారి. మాష్ తడిసిన పేజీ చూపించి, “ఇది ఎన్నికల నియమావళి ఉల్లంఘన” అన్నాడు.

పదింటికల్లా తేలిపోయింది. మా కళక్కూట్టంలో మార్క్సిస్టు పార్టీ కడకంపళ్లి సురేంద్రన్ ముందున్నాడు, రెండో స్థానంలో బీజేపీ మురళీధరన్, సిట్టింగ్ కాంగ్రెస్ ఎమ్మెల్యే మూడో స్థానం. చివరికి ఏడు వేల చిల్లర మెజారిటీ. పత్తనాపురంలో ముగ్గురు సినిమా నటులు పోటీ పడితే గణేశ్ కుమార్ గెలిచాడు. కొల్లంలో నటుడు ముకేశ్. బార్ గొడవలో పేరు పడ్డ కె.బాబు త్రిప్పూణితురలో ఓడిపోయాడు, అదే గొడవలో రాజీనామా చేసిన కె.ఎం.మాణి మాత్రం పాలాలో మళ్లీ గెలిచాడు. “మాణి సార్‌ని పాలా నుంచి దేవుడు కూడా కదపలేడు” అన్నాడు మాష్, అదేదో తన గొప్పతనం అయినట్టు.

పదకొండింటికి కరెంటు పోయింది. అప్పటికి ఎనభై చిల్లర. షాపంతా ఒక్కసారి నిశ్శబ్దం, నాణెం టకటక మాత్రం వినిపిస్తోంది. అందరూ నా వైపు చూశారు, ఎందుకంటే నా ఫోన్లో డేటా ఉంది. గల్లా పెట్టె మీద నిలబెట్టి ఫోన్ పెట్టించారు. అరగంట పాటు తిరువనంతపురం జిల్లా ఎన్నికల ఫలితాలకి అధికార ప్రతినిధిని నేనే. ఓటు హక్కు లేని ఆంధ్రావాడు మలయాళం అంకెలు తప్పుగా పలుకుతుంటే, ఎవరు ముందున్నారో తెలియక మూడు పార్టీల వాళ్లూ కలిసి నన్ను తిట్టారు. మధ్యలో తాతయ్య ఫోన్ చేశాడు. ఫలితాలు ఆగిపోయాయని గోల.

“ఏరా, ఎన్ని?”

“ఎనభై అయిదు దాటాయి తాతయ్యా.”

“ఎన్నిట్లో?”

“నూట నలభై.”

కాసేపు మాట లేదు. “లెక్క పూర్తయ్యాక చెయ్యి. మధ్యలో చెప్పకు” అని పెట్టేశాడు.

చివరి లెక్క: వామపక్ష కూటమి 91, ఐక్య కూటమి 47, బీజేపీ 1, పూంజార్‌లో ఇండిపెండెంట్ పి.సి.జార్జ్ 1. వడక్కాంచేరిలో ఓటింగ్ యంత్రం మొరాయించి మర్నాటికి తేలింది, కాంగ్రెస్‌కి 43 ఓట్ల మెజారిటీ. మంజేశ్వరంలో బీజేపీ సురేంద్రన్ 89 ఓట్లతో ఓడిపోయాడు. అక్కడే సుందర అనే ఇంకో అభ్యర్థికి 467 ఓట్లు పడ్డాయి. పేరు కాస్త దగ్గరగా ఉంటే చాలు, జనం పొరబడతారు. అణ్ణన్ ఆ 89 గురించి ఇప్పటికీ మాట్లాడుతున్నాడు.

ఇక వడలు. చేట్టన్ మాట మీద నిలబడ్డాడు. మధ్యాహ్నం పన్నెండింటి నుంచి భాయి మూకుడు దగ్గర నిలబడ్డాడు. ఒక్కో వాయికి పన్నెండు పడతాయి. లెక్క తప్పకూడదని వాడు గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నాడు, నోటితో బెంగాలీలో లెక్కపెడుతున్నాడు. అదే సమయంలో టీవీలో బెంగాల్ ఫలితాలు కూడా వస్తున్నాయి: మమతకి 211, కాంగ్రెస్‌కి 44, మార్క్సిస్టు పార్టీకి 26. ముప్పై నాలుగేళ్లు ఏలిన పార్టీ. భాయి తల తిప్పి టీవీ చూశాడు, లెక్క పోయింది. గీతలు చూస్తే ఎనభై నాలుగు, బేసిన్లో చూస్తే ఎనభై ఏడు. “రీకౌంటింగ్!” అని మాష్ అరిచాడు. మాష్ పర్యవేక్షణలో, అణ్ణన్ ఏజెంటుగా, అరిటాకు మీద వడలన్నీ పదేసి పరిచి లెక్కపెట్టారు. ఎనభై ఎనిమిది. ఇంకో మూడు వేయించారు.

అప్పుడే భాయి, పిండి చేతులు తుడుచుకుంటూ, నాతో హిందీలో ఒక మాట అన్నాడు. తర్జుమా చేసి అందరికీ చెప్పమన్నాడు. “మా ఊళ్లో ఈసారి కొడవలి, చెయ్యి గుర్తు ఒకే జట్టు. మా ఊళ్లో అయితే చేట్టన్, మాష్ ఒకే జెండా పట్టుకుని తిరిగేవాళ్లు.” చెప్పాను. చేట్టన్ గరిటె చూసుకున్నాడు. మాష్ కళ్లజోడు చూసుకున్నాడు. ఆటో అణ్ణన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

మొదటి వడ మాష్‌కే ఇచ్చాడు చేట్టన్. మాష్ అది తీసుకుని, కట్టన్ చాయ ఒకటి తెప్పించుకుని, పాలు లేకుండా తాగాడు. ఆయన కట్టన్ తాగడం నేను అంతకుముందు చూడలేదు.

నాలుగింటికి అణ్ణన్ ఆటో వేసుకుని వెళ్లి బేకరీ నుంచి ఒకే ఒక్క లడ్డు తెచ్చాడు. నేమంలో ఓ.రాజగోపాల్ 8,671 ఓట్లతో గెలిచాడు, కేరళ అసెంబ్లీలో బీజేపీకి ఇదే మొదటి సీటు. ఎన్ని సీట్లకి అన్ని అన్నారు కదా, ఇది మా లెక్క అని, ఆ ఒక్క లడ్డుని చిన్న చిన్న ముక్కలుగా చిదిపి అందరికీ పంచాడు. నా వంతు మూడు బూందీలు వచ్చాయి. బీజేపీ కూటమి మొత్తానికి దాదాపు 15 శాతం ఓట్లకి ఒక్క సీటు. ఆ రాత్రి తాతయ్యకి చెప్తే వడల కథకి నవ్వాడు, 91కి “సరే” అన్నాడు, లడ్డు దగ్గర మాత్రం ఆగి, “ఆ ఆటో అతని వయసెంతరా?” అని అడిగాడు.

మర్నాడు ముఖ్యమంత్రి ఎవరన్న తగువుతో షాపు చీలిపోయింది. చేట్టన్ వి.ఎస్. అచ్యుతానందన్ మనిషి. తొంభై రెండేళ్ల మనిషి ఎండలో రాష్ట్రమంతా తిరిగి గెలిపించాడని ఆయన వాదన. పార్టీ పినరయి విజయన్‌ని ఎంచుకుంది. వి.ఎస్.ని కేరళ ఫిడెల్ కాస్ట్రో అన్నాడు అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి ఏచూరి. ఆయన మన తెలుగువాడే కదా అని అందరూ నన్ను చూశారు, సంజాయిషీ నేను చెప్పాలన్నట్టు. ఆ రోజు చక్కెర వేయడం మర్చిపోయాడు చేట్టన్. 25న సెంట్రల్ స్టేడియంలో ప్రమాణ స్వీకారానికి మాత్రం షాపు మూసేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లొచ్చాడు.

రేటింగ్ అంటే, తిండికి ఐదుకి నాలుగు, శుభ్రానికి ఒకటిన్నర, లెక్కలకి సున్నా. కౌంటింగ్ రోజు వెళ్లొద్దు, వెళ్తే తినడానికి వెళ్లొద్దు. సాయంత్రం పళంపొరి అని అరటిపండు బజ్జీ వేస్తారు, ఐదింటికి వెళ్తే వేడిగా దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం తర్వాత మూత.

పార్సిల్ సర్వీసు గురించి కూడా చెప్పాలి. ఆ జూన్ మొదట్లో సెలవు పెట్టి కేరళ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి వచ్చాను. తాతయ్యకి వడలు కావాలంటే చేట్టన్ పన్నెండు వేడివేడిగా పేపర్లో చుట్టి ఇచ్చాడు. పేపరు కూడా ఏరి తీశాడు, మే 20 నాటిది, నియోజకవర్గాల రంగుల పటం ఉన్న పేజీ. మూతి గట్టిగా కట్టొద్దు, చెమ్మ పడుతుందని చేచ్చి చెప్పింది. నేను మర్చిపోయి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. మర్నాడు విజయవాడలో దిగి ఇల్లు చేరేసరికి వడలు తడి అట్టముక్కల్లా ఉన్నాయి.

తాతయ్య ముందు పేపరు విప్పాడు. నూనె మరకల మధ్య అంకెలు వెతుక్కున్నాడు, మలయాళం అక్షరాలు రావు కాబట్టి. 91 మీద వేలు పెట్టాడు. పక్కన ఒంటరిగా ఉన్న 1 చూసి, “ఇది లడ్డు అతనిదా?” అన్నాడు. అవునన్నాను. తర్వాత ఒక వడ తీసి విరవబోతే అది విరగలేదు, సాగింది. నోట్లో పెట్టుకుని కట్టుడు పళ్లతో చాలాసేపు నమిలాడు.

“కరకరలాడుతుందన్నావు కదరా,” అన్నాడు. “పదిహేనొచ్చాయి.”

మూడు తిన్నాడు.